బడి దూరాన్ని కిలోమీటర్లలో కొలవకండి

ముప్పై ఏళ్లు శ్రీకాకుళం చుట్టుపక్కల పల్లెవెలుగు బస్సుల్లో కండక్టరుగా పనిచేశాను. ఏ ఊరు ఎంత దూరమో అడిగితే స్టేజీల లెక్కన చెప్పడం నాకు అలవాటు. మా మనవరాలు చిన్నిని ఆరో తరగతిలో చేర్చేటప్పుడు ఆ లెక్క ఎందుకూ కొరగాలేదు. చిన్నికి సెరిబ్రల్ పాల్సీ ఉంది. మెడ నిలుస్తుంది కానీ నడుము నిలవదు, కాళ్లు బిగుసుకుంటాయి. అప్పుడు కొత్త లెక్క నేర్చుకున్నాను. గుమ్మం నుంచి తరగతి గదిలో బల్ల దాకా పిల్లను ఎన్నిసార్లు ఎత్తి దించాలి? మూడు కిలోమీటర్ల దూరంలోని బడికి ఆరుసార్లు ఎత్తాల్సి వస్తే, ఎనిమిది కిలోమీటర్ల దూరంలో రెండుసార్లతో సరిపోయే బడే దగ్గర. పిల్ల ఏటా బరువెక్కుతుంది. ఎత్తేది మా కోడలు, ఆమెకున్నది ఒక్కటే నడుము.

అందుకని బడి తెరవక ముందే, అంటే జూన్ రాకముందే, పిల్లను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని దారంతా ఒకసారి వెళ్లి రండి. ఆదివారం ఖాళీ రోడ్డు చూసి మురిసిపోవద్దు, బడి వేళకే వెళ్లండి. వాన వెలిసిన మర్నాడు మరోసారి వెళ్లండి. మా వీధిలో సిమెంటు రోడ్డు ఇంటికి నలభై అడుగుల ముందే ఆగిపోతుంది. ఎండలో పెద్ద దూరమేమీ కాదు, వానాకాలంలో మాత్రం చక్రం దిగబడుతుంది. అక్కడ రాతిపొడి పోయించడానికి అయిన ఖర్చు, ఆ తర్వాత పెట్టిన ఏ ఖర్చుకన్నా బాగా కలిసొచ్చింది.

బడి లోపల కూడా చూడాలి. మేము చూసిన బడికి ముందు ర్యాంపు ఉంది, ఆరో తరగతి మాత్రం మేడ మీద. ప్రధానోపాధ్యాయుడిని కలిసి తరగతిని కిందికి మార్చమని అడిగాం, మార్చారు. ఎంత మంచి వాహనం పెట్టినా తగ్గని ఎత్తుళ్లు ఒక్క మాటతో తగ్గాయి. మొహమాటపడి అడగనివాళ్లే ఎక్కువ.

ఇక వాహనాలు. నేను బతికిన బస్సు గురించే ముందు నిజం చెబుతాను. ఇప్పుడు టికెట్టు ఖర్చు సమస్య కాదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగులో ఆడపిల్లకూ, వెంట వచ్చే తల్లికీ ప్రయాణం ఉచితం. ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపితే సున్నా టికెట్టు ఇస్తారు. మగపిల్లవాడైతే సదరం ధ్రువపత్రం, అంటే వైకల్యం ఎంతో చెప్పే ప్రభుత్వ కాగితం పట్టుకుని బస్‌స్టేషన్ కౌంటర్‌లో దివ్యాంగుల రాయితీ పాసు అడగండి, అది ఏయే బస్సుల్లో చెల్లుతుందో అక్కడే తేల్చుకోండి. అసలు చిక్కు మెట్టు. మొదటి మెట్టు మోకాలి ఎత్తు, ఆపైన ఇంకో రెండు, వెనక నుంచి తోసే జనం. నడవగల పిల్లకు, చూపు లేదా వినికిడి లోపమున్న పిల్లకు బస్సు మంచిదే. ఎత్తుకుని ఎక్కించాల్సిన పిల్లకు వద్దు. తప్పనిసరైతే ఆ బస్సు బయలుదేరే చోటే ఎక్కించండి, అక్కడైతే ఇంజను ఆపి ఉంటుంది, సీటూ దొరుకుతుంది.

మేము చివరికి ఆటో మాట్లాడుకున్నాం. మామూలు ఆటో సీటు ఇలాంటి పిల్లలకు జారుడుబల్ల. గుంత వచ్చినప్పుడల్లా నడుము ముందుకు జారి, పిల్ల సగం పడుకున్నట్టవుతుంది. సీట్లు కుట్టే దుకాణంలో ముందువైపు ఎత్తుగా, వెనక పల్లంగా ఉండే దిండు చేయించాం. దాంతో తుంటి వెనక్కే ఆనుతుంది. ఒక బెల్టు తుంటి ఎముకల మీదుగా రావాలి, పొట్ట మీదుగా కాదు. రెండోది వెడల్పుగా ఉండి ఛాతీని పట్టాలి, మెడ దగ్గరకు పోకూడదు. కాళ్లు వేలాడకుండా కింద చెక్కపెట్టె పెట్టాం. పిల్లను కడ్డీ ఉన్న కుడివైపు కూర్చోబెట్టి, తోడు మనిషి తెరిచి ఉన్న ఎడమవైపు కూర్చోవాలి. ఇవన్నీ చేయించే ముందు, దివ్యాంగ పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికి వచ్చే ఫిజియోథెరపిస్టుకు చూపించండి. మేము మొదట చూపించలేదు, దిండు రెండుసార్లు కుట్టించాల్సి వచ్చింది.

ఎత్తడం డ్రైవరుకూ నేర్పాలి. తొందరపడి లాగితే పిల్ల ఒళ్లు కర్రలా బిగుసుకుంటుంది. ముందు చెప్పి, మోకాళ్లు, తుంటి మడిచి, అప్పుడు ఎత్తాలి. మా డ్రైవరు మొదటి వారం భయపడ్డాడు. ఇప్పుడు చిన్ని ‘ఒకటి, రెండు, మూడు’ అని లెక్కపెట్టేదాకా చెయ్యి వేయడు.

కుర్చీని రోజూ మడిచి ఆటో వెనక కట్టడం మరో తలనొప్పి. ప్రభుత్వ బడి చదువుల పథకమైన సమగ్ర శిక్ష తరఫున జరిగే ఉపకరణాల శిబిరంలో, దివ్యాంగుల పరికరాలు తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలిమ్కో వాళ్ల చక్రాల కుర్చీ వచ్చింది. దాన్ని బడిలోనే ఉంచేశాం, పాతది ఇంట్లో ఉంది. ఆటోలో పిల్ల, పుస్తకాల సంచి, అంతే.

ఒక ప్రైవేటు బడి బస్సునూ అడిగి చూశాం. ‘ఆయా ఎత్తదండీ’ అన్నారు. మీ బడి బస్సులో ఎత్తే మనిషి ఉంటే సంతోషమే, ఆ మాట ఫీజు కట్టక ముందే కాగితం మీద రాయించుకోండి. నడుము నిలవని పిల్లను మోటారు సైకిల్ మీద ఇద్దరి మధ్య ఇరికించడం నాకు సమ్మతం కాదు.

కాగితాల పని విసుగే, అయినా వదలొద్దు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్, ప్రభుత్వం నడిపే, సాయం చేసే, గుర్తించిన బడులన్నీ దివ్యాంగ పిల్లలకు రవాణా వసతి కల్పించేలా చూడమంటోంది. ఎక్కువ ఆసరా కావాల్సిన పిల్లకైతే తోడు మనిషికీ వసతి ఉండాలి. అర్జీలో ఈ సెక్షన్ పేరు రాయండి. సమగ్ర శిక్షలో రవాణా భత్యం, తోడు మనిషికి ఎస్కార్టు భత్యం వేర్వేరు, రెండూ అడగండి. సదరం ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పుస్తకం నకళ్లు బడిలో ఇచ్చి, మండలంలో దివ్యాంగ పిల్లల చదువు చూసే సహిత విద్య ఉపాధ్యాయులను కలవండి. కదలకపోతే మండల విద్యాశాఖాధికారి దగ్గరకు, ఆపైన సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోటికి వెళ్లండి. రసీదు లేకుండా వెనక్కి రావద్దు. టికెట్టు ఇవ్వకుండా డబ్బు తీసుకున్న కండక్టరును ఎవరైనా నమ్ముతారా?

ఆటోతో బేరమాడేటప్పుడు అందరూ మరిచేది ఒంటిపూట బడులు. మార్చి నడుమ నుంచి బడి మధ్యాహ్నానికే వదిలేస్తారు. ఆ వేళకు మీ డ్రైవరు వేరే బేరంలో ఉంటాడు, పిల్ల ఎండలో కూర్చుంటుంది. ఆ నెలల వేళలు జూన్‌లోనే మాట్లాడుకోండి. డ్రైవరు రాని రోజుకు రెండో ఆటో అతనిని కూడా ముందే అనుకుని, ఒకసారైనా పిల్లను ఎత్తించి చూడండి. మా రెండో అతను సంతరోజు రానన్నాడు. అందుకే సంతరోజు నేను వెళ్తున్నాను.