ఆరుబయట పనులకు చిన్న కత్తి: బ్లేడు మందాన్ని ఎలా ఎంచుకోవాలి

అడవిబాటల్లో నడవడానికో, గుడారం వేసుకుని రాత్రి గడపడానికో వెళ్ళేవారు వెంట ఉంచుకునే చిన్న కత్తిని కొనేటప్పుడు ఎక్కువగా చూసేది వెన్ను, అంటే పదునంచుకు ఎదురువైపు ఉండే మొద్దు అంచు, మందాన్నే. చేతిలోకి తీసుకోగానే బరువుగా, దిట్టంగా అనిపించినది మంచి కత్తి అనీ, పలుచగా ఉన్నది నాసిరకమనీ మనసు తేల్చేస్తుంది. నా మొదటి కత్తిని నేనూ అలాగే ఎంచుకున్నాను. 5 మిల్లీమీటర్ల వెన్ను ఉన్న ఆ కత్తితో యాపిల్‌ను కోయబోతే అది తెగలేదు, రెండుగా పగిలింది. పుల్లను చెక్కబోతే పదును లోపలికి దిగకుండా పైపైన జారిపోయేది. దాన్ని వాడినన్నాళ్ళూ ఆ మందం నిజంగా అవసరమైన పని ఒక్కటీ నాకు ఎదురుకాలేదు. ఇక్కడ చిన్న కత్తి అంటే బ్లేడు పొడవు సుమారు 8 నుంచి 11 సెంటీమీటర్లు ఉండి, పిడిలోకి మడవడానికి వీలులేని కత్తి అని అర్థం.

ముందుగా, మందం అనే మాటతో ఏ చోటును కొలుస్తున్నామో తెలియాలి. తయారీదారులు ప్రకటించే అంకె సాధారణంగా వెన్ను దగ్గర, అందులోనూ బ్లేడు పిడిని కలిసేచోట ఉండే గరిష్ఠ మందం. దానితోపాటు మరో రెండు చోట్ల కొలవాలి: మొనకు 2 సెంటీమీటర్ల ముందు వెన్నుపైన ఒకటి, పదునంచును నూరిన సన్నని వాలు ఎక్కడ ముగుస్తుందో సరిగ్గా ఆ గీత దగ్గర మరొకటి. ఈ మూడో కొలత ఒక మిల్లీమీటరు కూడా ఉండదు కనుక స్కేలుతో తెలియదు, వెర్నియర్ కాలిపర్స్ కావాలి. కత్తి ఎంత సులువుగా కోస్తుందో అన్నిటికంటే ఎక్కువగా చెప్పేది ఈ కొలతే అయినా, వివరాల పట్టికలో అది దాదాపు ఎప్పుడూ కనిపించదు. అంగుళాల్లో ఇచ్చిన కొలతలు ఎదురైతే, అంగుళంలో ఎనిమిదో వంతు అంటే దాదాపు 3.2 మిల్లీమీటర్లు, పదహారింట మూడు వంతులు అంటే దాదాపు 4.8 మిల్లీమీటర్లు అని గుర్తుంచుకుంటే చాలు.

మందం వల్ల కలిగే లాభం చిన్నదేమీ కాదు. బ్లేడును పక్కకు వంచడానికి పట్టే బలం మందం ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక, అదే వెడల్పు ఉన్న 2 మిల్లీమీటర్ల పలకతో పోలిస్తే 4 మిల్లీమీటర్ల పలక ఎనిమిది రెట్లు బిగువుగా ఉంటుంది. 3 నుంచి 4కు పెంచినా బిగువు రెట్టింపును దాటుతుంది. శాశ్వతంగా వంకరపోకుండా తట్టుకునే బలం మాత్రం మందం వర్గాన్ని అనుసరిస్తుంది, అంటే రెట్టింపు మందానికి నాలుగు రెట్లు. ఖరీదైన ఉక్కు వాడితే పలుచని బ్లేడు కూడా వంగదని కొందరు నమ్ముతారు, కానీ అది పొరపాటు. గట్టిపరచినా గట్టిపరచకపోయినా, మామూలు ఉక్కైనా తుప్పుపట్టని ఉక్కైనా, ఒకే బరువుకు వంగే తీరులో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. వంగిన తరువాత తిరిగి నిటారుగా వస్తుందా, వంకరగానే ఉండిపోతుందా, విరుగుతుందా అన్నది మాత్రమే ఉక్కును బట్టీ దాన్ని కాల్చి చల్లార్చిన పద్ధతిని బట్టీ మారుతుంది.

ఇక నష్టం సంగతి. కోత అంటే పదునంచు దారి తెరిచాక మిగతా బ్లేడు ఆ దారిలో దూరడమే. వెన్ను మందంగా ఉంటే బ్లేడు పదార్థాన్ని రెండు పక్కలకూ అంత ఎక్కువగా నెట్టాలి. ఇక్కడ మందంతోపాటు వెడల్పు కూడా లెక్కలోకి వస్తుంది. వెన్ను నుంచి పదును దాకా ఏకవాలుగా సానపట్టిన బ్లేడు వెడల్పు 25 మిల్లీమీటర్లు అయితే, 3 మిల్లీమీటర్ల వెన్నుకు రెండు ముఖాల మధ్య కోణం దాదాపు 7 డిగ్రీలు, 5 మిల్లీమీటర్ల వెన్నుకు 11 డిగ్రీలకు పైగా వస్తుంది. అయితే వెడల్పు 20 మిల్లీమీటర్లే ఉన్న బ్లేడుకు 4 మిల్లీమీటర్ల వెన్నుతోనే ఆ 11 డిగ్రీలు వచ్చేస్తాయి. అందుకే సన్నని వెడల్పున్న చిన్న కత్తికి మందమైన వెన్ను పెట్టడం నా దృష్టిలో అన్నిటికంటే చెడ్డ కలయిక, దుకాణాల్లో మాత్రం అలాంటివి తరచుగా కనిపిస్తాయి. బరువు తేడా అంతగా పట్టించుకోవలసినది కాదు: 10 సెంటీమీటర్ల బ్లేడుకు ఒక మిల్లీమీటరు మందం పెరిగితే చేరేది 20 గ్రాముల లోపే.

సానపట్టిన తీరు మారితే ఇదే మందం వేరుగా ప్రవర్తిస్తుంది. స్కాండి గ్రైండ్ అనే పద్ధతిలో బ్లేడు వెన్ను నుంచి చాలా దూరం సమాన మందంతో వచ్చి, అంచు దగ్గర ఒకే వెడల్పాటి వాలుతో పదునులోకి దిగుతుంది. ఆ వాలును రాయిమీద ఆనించి నూరితే చాలు, కోణం తప్పే భయం ఉండదు. చెక్క చెక్కడానికి కూడా అది ఎంతో అనువైనది. కానీ వాలుల మధ్య కోణం 24 డిగ్రీలు అనుకుంటే, 2 మిల్లీమీటర్ల బ్లేడుకు వాలు ఎత్తు 5 మిల్లీమీటర్లలోపు ఉంటుంది, 3 మిల్లీమీటర్లకు 7, 4 మిల్లీమీటర్లకు 9 దాటుతుంది. నూరిన ప్రతిసారీ ఆ మొత్తం వెడల్పులో ఉక్కు అరగాలి. దానితో దుంపలనో అట్టనో లోతుగా కోసేటప్పుడు వాలు ముగిసేచోట ఉన్న భుజం అడ్డుపడుతుంది. కనుక స్కాండి కత్తికి 3 మిల్లీమీటర్లను మించిపోకుండా చూసుకోవడం మేలు. ఏకవాలు బ్లేడు 3.5 దాకా, వెడల్పు బాగా ఉంటే 4 దాకా కూడా సులువుగానే కోస్తుంది. ముఖాలు లోపలికి గుంటగా సానపట్టిన బ్లేడులో అంచు దగ్గర సన్నగా ఉండి, పైకి పోగానే మందం ఒక్కసారిగా పెరుగుతుంది. పైపై కోతలకు అది బాగుంటుంది, కర్రలో మాత్రం ఇరుక్కుంటుంది.

ఇప్పుడు పనినిబట్టి అంకెలను చూద్దాం. వంటకు కూరగాయలు తరగడం, చేపలు శుభ్రం చేయడం, తాళ్ళూ పొట్లాలూ కోయడం ప్రధానమైతే 2 మిల్లీమీటర్లు సరిపోతుంది. వీటికి తోడు పుల్లలు చెక్కడం, గుడారానికి మేకులు చేసుకోవడం, నిప్పు రాజేయడానికి సన్నని పేళ్ళు తీయడం కూడా ఉంటే, అంటే ఎక్కువమందికి ఉండే అవసరాలే అయితే, 2.5 నుంచి 3.2 మధ్య ఎక్కడ నిలిచినా తప్పులేదు. స్వీడన్‌లో తయారయ్యే మోరా కంపానియన్ స్టెయిన్‌లెస్ రకం 2.5 మిల్లీమీటర్లు, మోటుపనులకని అదే సంస్థ చేసే హెవీ డ్యూటీ రకం కూడా 3.2 దగ్గరే ఆగుతుంది. వెంట గొడ్డలి గాని రంపం గాని లేకుండా, ఉన్న ఒక్క కత్తితోనే చలిలో కట్టెలు చీల్చుకోవలసి వచ్చేవారికి 3.5 నుంచి 4.5 దాకా వెళ్ళడానికి కారణం ఉంది. ఫాల్‌క్నివెన్ ఎఫ్1 మందం 4.5 మిల్లీమీటర్లు, అది ఆపదలో ప్రాణం నిలుపుకోవడానికని రూపొందిన కత్తి కనుక ఆ మందానికి అర్థం ఉంది. ఈ పొడవులో 5 దాటిన వెన్ను ఏ పనికి పెట్టారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

కట్టెలు చీల్చే విషయంలోనే మందం గురించి అపోహలు ఎక్కువ. కత్తిని కట్టె తలపై నిలిపి, మరో కర్రతో వెన్నుపై కొట్టి చీల్చేటప్పుడు, కట్టె అడ్డకొలత కంటే బ్లేడు పొడవుగా ఉండి మొన వైపు కొంత బయటికి రావాలి, లేకపోతే కొట్టడానికి చోటు ఉండదు. కాబట్టి 10 సెంటీమీటర్ల బ్లేడు మణికట్టు లావు కట్టెలకే పనికివస్తుంది, వెన్ను 6 మిల్లీమీటర్లు ఉన్నా ఆ హద్దు మారదు. మందమైన బ్లేడు చీలికను త్వరగా విప్పుతుందన్నది నిజమే. అయితే కణుపులు లేని ఎండుకట్టెను ఎంచుకుని, తిన్నగా కొట్టి, మధ్యలో కత్తిని మెలితిప్పకుండా ఉంటే 3 మిల్లీమీటర్ల బ్లేడు కూడా ఆ పని చేస్తుంది. ఇంతకంటే లావు కట్టె ఉంటే అది గొడ్డలి పని.

మొన సంగతి వేరు. చాలా కత్తులు ముందుగా విరిగేది అక్కడే, అదీ దేన్నో పెకలించబోయినప్పుడు. పిడి నుంచి మొన దాకా వెన్ను క్రమంగా సన్నబడితే గుచ్చడం, సున్నితంగా చెక్కడం సులువవుతాయి, కానీ పెకలింపును అది తట్టుకోదు. వెన్ను మందం 3 మిల్లీమీటర్లుగా ఉండి మొనకు 2 సెంటీమీటర్ల ముందు 2 మిల్లీమీటర్లు ఉంటే నేను సంతృప్తి పడతాను. పిడి లోపలికి వెళ్ళే భాగం బలహీనంగా ఉంటే, దాన్ని బయట కనిపించే మందం కాపాడలేదు. అంచు పెచ్చులూడే స్వభావం ఉన్న పెళుసు ఉక్కు విషయంలో కూడా వెన్నును పెంచి లాభం లేదు. ఆ బలం పదును వెనుకే, అంటే నూరిన వాలు ముగిసే గీత దగ్గరే ఉండాలి. కోతకు అనువైన కత్తికి అక్కడ 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్లు, మోటుపనులకు 0.6 నుంచి 0.8 దాకా ఉంటే సరిపోతుంది.

వెన్నుకు మరో రెండు ఉపయోగాలున్నాయి. చెక్కేటప్పుడు బొటనవేలు వెన్నును నొక్కుతుంది, 2 మిల్లీమీటర్ల వెన్ను కాసేపటికే వేలిని నొప్పిస్తుంది, 3 అయితే హాయిగా ఉంటుంది. నిప్పురవ్వల కడ్డీని గీయడానికి మాత్రం మందం కాదు, వెన్ను మూలలు గుండ్రంగా కాక లంబకోణంలో, కరకుగా ఉండటం ముఖ్యం.

కొన్నేళ్ళు వాడాలనుకునేవారు అరుగుదలను కూడా లెక్కవేసుకోవాలి. నూరేకొద్దీ పదునంచు బ్లేడులో పైకి, అంటే మందమైన భాగంలోకి జరుగుతుంది. 25 మిల్లీమీటర్ల వెడల్పున్న ఏకవాలు బ్లేడు 5 మిల్లీమీటర్లు అరిగేసరికి, 3 మిల్లీమీటర్ల వెన్నున్న కత్తికి పదును వెనుక మందం 0.6 దగ్గర, 5 మిల్లీమీటర్ల వెన్నున్న కత్తికి 1 మిల్లీమీటరు దగ్గర ఉంటుంది. రెండోదాన్ని మళ్ళీ కోసే కత్తిగా మార్చాలంటే ముఖాలు రెండింటినీ అరగదీయక తప్పదు, సానరాయి మీద అది గంటల పని.

కొనేముందు కాలిపర్స్ దొరకకపోతే, పదునంచును కంటికి ఎదురుగా పెట్టుకుని మొన వైపు నుంచి పిడి వైపుకు చూడండి. పదును దగ్గరి వాలు ఎంత వెడల్పుగా మెరుస్తుంటే, అదే కోణంలో నూరిన కత్తుల్లో, దాని వెనుక అంత మందం ఉన్నట్టు. అనుమతిస్తే ఒక మందపాటి అట్టముక్కను అంచు నుంచి నిలువుగా కోసి చూడండి. మొదటి రెండు సెంటీమీటర్లు ఏ కత్తి అయినా కోస్తుంది, ఆ తరువాత అట్ట బ్లేడు పక్కలను పట్టేస్తే ఆ కత్తి మీకు అవసరమైన దానికంటే మందంగా ఉన్నట్టే.