ఇంట్లో కాచిన మేపుల్ సిరప్‌ను పోటీకి పంపడం: దరఖాస్తు విధానం

మేపుల్ చెట్టు నుంచి దిగే తియ్యటి నీటిని కాచి చేసే పాకమే మేపుల్ సిరప్. ఉత్తర అమెరికాలో దీనికి జరిగే పోటీల్లో రుచి చూడకముందే వెనక్కి పోయే సీసాలు ఉంటాయి. చిక్కదనం లెక్క తప్పడం, రంగు ఒకటైతే ఫారంలో ఇంకో తరగతి రాయడం ఇందుకు ప్రధాన కారణాలు. అందుకే ఫారం నింపడం సీసా నింపాక చేసే పనిలా చూడకండి. పోటీ నియమాలు చేతిలో పెట్టుకుని కాయడం మొదలుపెట్టాలి.

ముందు పోటీ తేదీ చూసుకోండి. మేపుల్ నీరు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా దిగుతుంది. వెర్మాంట్‌లోని సెయింట్ ఆల్బన్స్ మేపుల్ ఉత్సవం ఏప్రిల్ చివర్లో జరుగుతుంది కాబట్టి సిరప్ తాజాగా ఉంటుంది. రాష్ట్ర వ్యవసాయ శాఖ సిరక్యూస్‌లో నడిపే న్యూయార్క్ స్టేట్ ఫెయిర్ అనే వ్యవసాయ ప్రదర్శన ఆగస్టు చివర్లో మొదలవుతుంది. టొరంటోలోని రాయల్ వింటర్ ఫెయిర్ అయితే నవంబరులో. అంటే మీ సీసా కొన్ని నెలలు నిలవ ఉండాలి, ఆ నెలల్లో సిరప్ మారుతుంది. కౌంటీ (మన జిల్లా లాంటిది) ఫెయిర్లలో ఔత్సాహికులకు వేరే విభాగం ఉందేమో చూడండి. పెరట్లో నాలుగైదు చెట్లున్నవారికి మొదటిసారి అదే సరైన చోటు.

ఫెయిర్ వెబ్‌సైట్‌లో ‘ప్రీమియం బుక్’ అనే నియమాల పుస్తకం ఉంటుంది. ప్రీమియం అంటే ఇక్కడ బహుమతి సొమ్ము. అందులో మేపుల్ విభాగం తెరిచి గడువు, ప్రవేశ రుసుము, తరగతి సంఖ్యలు, సీసా పరిమాణం, ఎన్ని సీసాలు, ఎప్పుడు అప్పజెప్పాలి అన్నవి కాగితం మీద రాసుకోండి. ఫారం పంపే గడువు, సీసాలు ఇచ్చే రోజు చాలాచోట్ల వేరువేరు. సీసాలు తీసుకునే రోజున ఫారం కూడా ఇవ్వొచ్చులే అనుకుంటే అవకాశం పోతుంది. సిరప్ ఈ సీజన్‌దే అయి ఉండాలి, పోటీదారు స్వయంగా కాచి ఉండాలి, ఏమీ కలపకూడదు అన్నవి సాధారణంగా కనిపించే షరతులు.

ఫారంలో పేరు, చిరునామా, విభాగం, తరగతి సంఖ్య అడుగుతారు. వీటిలో తడబడేది తరగతి దగ్గరే. 2015 నుంచి అమెరికా ప్రమాణాల్లో గ్రేడ్ ఏ సిరప్‌కు నాలుగు రంగులున్నాయి: గోల్డెన్, ఆంబర్, డార్క్, వెరీ డార్క్. సిరప్ గుండా వెలుతురు 75 శాతమో అంతకన్నా ఎక్కువో దాటితే గోల్డెన్, 50 నుంచి 75 లోపు ఆంబర్, 25 నుంచి 50 లోపు డార్క్, ఇంకా తక్కువైతే వెరీ డార్క్. కంటితో తేల్చొద్దు. గ్లిజరిన్‌ను నూరు శాతంగా పెట్టుకుని కొలిచే చిన్న మీటర్లు దొరుకుతాయి. రంగు పోల్చి చూసే సీసాల కిట్ వాడితే ఈ ఏటిదే కొనండి, పాతవాటిలో రంగు వెలిసిపోతుంది.

మీరు ఫారంలో రాసే తరగతి తీర్పు రోజు రంగుకు సరిపోవాలి, సీసా నింపిన రోజు రంగుకు కాదు. ఏప్రిల్‌లో 76 శాతం చూపిన సిరప్ ఆగస్టుకు గోల్డెన్‌గా మిగులుతుందని నమ్మలేం. ప్లాస్టిక్ జగ్గులో అయితే గాలి చొరబడి ఇంకా త్వరగా ముదురుతుంది. పోటీకి అనుకున్న సిరప్‌ను గాజులో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. అది గడ్డకట్టదు, రంగూ రుచీ నిలుస్తాయి. హద్దుకు ఒకటి రెండు శాతం దూరంలో ఉంటే ఫారం పంపేముందు మళ్లీ కొలవండి.

ఇక చిక్కదనం. దీన్ని బ్రిక్స్‌లో కొలుస్తారు, అంటే బరువులో నూటికి ఎంత చక్కెర ఉందన్న లెక్క. అమెరికా, కెనడాల్లో 66 నుంచి 68.9 బ్రిక్స్ మధ్య ఉండాలి, వెర్మాంట్‌లో కనీసం 66.9. తక్కువైతే బూజు పడుతుంది, పులుస్తుంది. ఎక్కువైతే అడుగున పటికబెల్లం పలుకుల్లాంటి స్ఫటికాలు దిగుతాయి. వేళ్ల మధ్య తీగపాకం చూసే మన అలవాటు ఇక్కడ పనికిరాదు, అర బ్రిక్స్ తేడా వేలికి అందదు. ఆరోజు మీ ఇంట్లో మంచినీళ్లు మరిగే వేడికన్నా సిరప్ వేడి సుమారు 7 ఫారన్‌హీట్ డిగ్రీలు పైకి చేరితే పాకం దగ్గరపడినట్టు. గాలి పీడనాన్ని బట్టి నీరు మరిగే వేడి రోజురోజుకీ మారుతుంది కాబట్టి ముందు మంచినీళ్లు మరిగించి థర్మామీటర్ చూసుకోవాలి. అసలు తీర్పు మాత్రం హైడ్రోమీటర్‌దే, అంటే సిరప్‌లో తేలుతూ చిక్కదనం చూపే గీతల గాజు గొట్టానిదే.

పొడవాటి లోహపు కప్పును ముందే వేడి చేసి, మరుగుతున్న సిరప్‌తో అంచు దాకా నింపి, హైడ్రోమీటర్‌ను మెల్లగా వదలండి. 211 ఫారన్‌హీట్ దగ్గర దాని మీది ఎర్రగీత సిరప్ మట్టానికి సరిగ్గా రావాలి. అది 59 బ్రిక్స్ గీత, చల్లారాక 66.9 అవుతుంది. చల్లటి కప్పులో పోస్తే క్షణాల్లో వేడి దిగి, హైడ్రోమీటర్ పైకి తేలుతుంది. పాకం వచ్చేసిందనుకుని దింపేస్తారు, సిరప్ పలచన. పోయినసారి సిరప్ ఎండి అంటుకుని ఉంటే ఆ బరువుకు పరికరం కిందికి దిగుతుంది. ఇంకా రాలేదనుకుని కాస్తూ పోతారు, ముదిరిపోతుంది. ప్రతిసారీ వేడినీళ్లతో కడగాల్సిందే. ముదిరిన సిరప్‌ను సరిచేయాలంటే మేపుల్ నీరో డిస్టిల్డ్ నీరో కొంచెం కలిపి వేడి చేసి బాగా తిప్పండి. కొళాయి నీరు వద్దు, క్లోరిన్ వాసన పట్టేస్తుంది. తిప్పడం చాలకపోతే సీసాలో తీగల్లా చారలు కనిపిస్తాయి.

తేటదనానికి వడపోతే ప్రాణం. కాగేకొద్దీ నీటిలోని ఖనిజాలు సన్నటి ఇసుకలా విడిపోతాయి. వేడిగా ఉండగానే మందపాటి ఫెల్ట్ గుడ్డలో వడకట్టి, 180 నుంచి 185 ఫారన్‌హీట్ దగ్గర సీసాలో పోయండి. వడకట్టాక మళ్లీ 190 దాటించి కాస్తే ఆ ఇసుక కొత్తగా పుడుతుంది, పైగా వేడి చేసిన ప్రతిసారీ రంగు ముదురుతుంది. మూత బిగించి కాసేపు పడుకోబెడితే మూత లోపలివైపు కూడా వేడి తగులుతుంది. తర్వాత సీసాల మధ్య చెయ్యి పట్టేంత ఎడం ఉంచండి. దగ్గరగా పేరిస్తే లోపలి వేడి పోక, గోల్డెన్ కాస్తా ఆంబర్ అవుతుంది. వారం ఆగి సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఒక్కసారి తలకిందులు చేయండి. అడుగు నుంచి పొగలా ఏదైనా లేస్తే ఆ సీసా ఇంటికే.

రుచిలో దోషాలకు మూలం చాలావరకు నీటి దగ్గరే ఉంటుంది. మేపుల్ నీరు తాటి నీరా లాంటిదే, ఎండ తగిలితే నిలవదు. ఆలస్యం చేస్తే పులుపు వస్తుంది. చెట్టు మొగ్గ తొడిగాక తీసిన నీటితో కాస్తే సిరప్‌కు ఒక వెగటు రుచి వస్తుంది, ఎంత వడకట్టినా పోదు. పెనంలో మట్టం తగ్గితే అడుగంటి కమురు వాసన. నురగ అణచడానికి వేసే నూనె, వెన్న ఒక్క చుక్క ఎక్కువైనా నాలుకకు తెలుస్తుంది.

అప్పజెప్పే రోజుకు ముందు సీసా బయట వేడినీటి గుడ్డతో తుడవండి. పేరు, లేబుల్, స్టిక్కర్ ఏవీ ఉండకూడదు. ఫెయిర్ వారు ఇచ్చిన ట్యాగు మాత్రమే కట్టాలి. అడిగిన పరిమాణం కన్నా చిన్న సీసా ఇవ్వొద్దు, న్యాయనిర్ణేతలు హైడ్రోమీటర్ తేలేంత సిరప్ పోసి చూడాలి. అదే వాయిలోంచి ఒక సీసా ఇంట్లో ఉంచుకోండి. పోటీ అయ్యాక మార్కుల కాగితం అడిగి తీసుకుని, ఏ అంశంలో ఎన్ని పోయాయో ఆ ఇంటి సీసాను పక్కన పెట్టుకుని చదవండి.