నానోట్యూబులు కలిపినా ప్లాస్టిక్‌లో కరెంటు పారకపోతే ఏం చెయ్యాలి

పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌లో 2 శాతం మల్టీవాల్ కార్బన్ నానోట్యూబులు (ఒకదానిలో ఒకటి దూర్చిన కార్బన్ గొట్టాలు, కంటికి కనిపించనంత సన్నవి) కలిపి, ఆ మిశ్రమపు గింజలతో రెండు ముక్కలు తీశాను. ఒకటి వేడి ప్రెస్‌లో నొక్కిన పలక, ఇంకోటి ఇంజెక్షన్ మోల్డింగ్‌లో తీసిన ట్రే. పలక మీద మల్టీమీటర్ పెడితే కిలో ఓముల్లో రీడింగ్ వచ్చింది. ట్రే మీద మాత్రం మీటర్ ఉలకలేదు, పలకలేదు. మాస్టర్‌బ్యాచ్ (ట్యూబులు ముందే చిక్కగా కలిపిన ప్లాస్టిక్ గింజలు) అమ్మినవాళ్ళని రెండు రోజులు తిట్టుకున్నాను. పాపం, వాళ్ళ తప్పేమీ లేదు.

మూడో రోజు ట్రే అంచుని ఉప్పుకాగితంతో గీకి మళ్ళీ మీటర్ పెట్టాను. రీడింగ్ వచ్చేసింది! పైన ఓ పల్చటి పొర తప్ప లోపలంతా కరెంటు పారుతూనే ఉంది.

సంగతేంటంటే, ఈ ట్యూబు లావు 10 నానోమీటర్ల చిల్లర, పొడవు అంతకు వందల రెట్లు. అంత సన్నగా, పొడుగ్గా ఉంటుంది కాబట్టే కొంచెం వేసినా ఒకదాన్నొకటి అందుకుని లోపల వలలా అల్లుకుంటాయి. కార్బన్ బ్లాక్‌తో, అంటే మసిలాంటి కార్బన్ పొడితో, ఇదే పని జరగాలంటే తరచూ 10 నుంచి 20 శాతం వెయ్యాలి. కానీ మోల్డ్‌లోకి మెల్ట్ (కరిగిన ప్లాస్టిక్) వేగంగా దూసుకెళ్ళినప్పుడు గోడ పక్కన ట్యూబులన్నీ ప్రవాహం వెంట సాగి, విడిపోయి, చల్లటి మోల్డ్ తగలగానే అలాగే గడ్డకడతాయి. అక్కడ వల తెగిపోతుంది.

అందుకని శాతం పెంచే ముందు మెషీన్ సెట్టింగులు చూడండి. నేను మెల్ట్‌ని 280 నుంచి 300 డిగ్రీలకి, మోల్డ్‌ని 80 నుంచి 100కి పెంచి, ఇంజెక్షన్ వేగం సగానికి తగ్గించాను. ట్రే పైపొర దారికొచ్చింది. అనుమానం తీరాలంటే ఇంకో పరీక్ష ఉంది: పాడైన ముక్కని 150 డిగ్రీలు దాటించి ఓవెన్‌లో కాసేపు ఉంచండి. పాలికార్బొనేట్ మెత్తబడి ట్యూబులు మళ్ళీ దగ్గర చేరతాయి, రెసిస్టెన్స్ పడిపోతుంది. ముక్క వంకర పోతుంది కాబట్టి ఇది రోగం కనిపెట్టడానికే, మందు కాదు.

ఎంత వెయ్యాలో తేల్చుకోవడానికి 0.5, 1, 1.5, 2, 3 శాతాలతో పలకలు తీసి కొలవండి. ఒకచోట రెసిస్టెన్స్ కొండ అంచు నుంచి దూకినట్టు పడుతుంది. సరిగ్గా ఆ అంచు మీద ఆగొద్దు, కాస్త దాటాకే రెసిపీ ఖాయం చెయ్యండి. కొలిచే చోట కరెంటు పారే వెండి పెయింట్ పూయండి, లేకపోతే ప్రోబ్ మొన తగిలినంతే కొలుస్తారు. యాంటీస్టాటిక్ పనికి, అంటే స్థిర విద్యుత్తు పేరుకోకుండా ఉండడానికి, 10 లక్షల నుంచి 100 కోట్ల ఓముల దాకా చూడాలి, దానికి మామూలు మల్టీమీటర్ చాలదు.

కలపడంలో ట్యూబుల పొడి జోలికి పోకుండా 15 నుంచి 20 శాతం ట్యూబులున్న మాస్టర్‌బ్యాచ్ తీసుకోండి. గింజల్ని 120 డిగ్రీల్లో నాలుగు గంటలు ఆరబెట్టాలి, తేమ మిగిలితే పాలికార్బొనేట్ గొలుసులు తెగుతాయి. ట్విన్ స్క్రూలో (రెండు మరలతో ప్లాస్టిక్‌ని కరిగించి కలిపే మెషీన్) మరీ నలిపితే ట్యూబులు విరుగుతాయి, తక్కువ నలిపితే ఉండలు మిగులుతాయి. ఓ పల్చటి పొర కోసి మైక్రోస్కోప్ కింద వెలుగులో పెడితే ఉండలు నల్లచుక్కల్లా కనిపిస్తాయి. దెబ్బ తగిలినప్పుడు పగులు మొదలయ్యేది ఆ చుక్కల దగ్గరే.

బలం పెరుగుతుందని మాత్రం పెద్దగా ఆశపడకండి. ఒక్క ట్యూబు గట్టిదనం వెయ్యి గిగాపాస్కల్స్ దాకా ఉంటుంది, నిజమే. కాంపోజిట్‌లో, అంటే కలిపిన ప్లాస్టిక్‌లో మటుకు మాడ్యులస్ (ఆ గట్టిదనం కొలతే) కొంచెం పెరిగి, సాగే గుణం బాగా తగ్గుతుంది. మెల్ట్ చిక్కబడుతుంది. వేడి ప్రసారం కూడా అంతంతమాత్రమే, ట్యూబుకీ ప్లాస్టిక్‌కీ మధ్య ప్రతి హద్దు దగ్గరా వేడికి అడ్డు తగులుతుంది. రంగంటారా, నలుపు తప్ప ఇంకోటి అడక్కండి.

ఆ రోజు నేను పొడిగా, మాస్క్ లేకుండా గీకాను, బుద్ధి తక్కువ పని. పనిచేసే చోట గాలిలో ఈ ట్యూబులు ఘనపు మీటరుకి 1 మైక్రోగ్రాము దాటకూడదని అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే సంస్థ నియోష్ సిఫార్సు. మల్టీవాల్ రకాల్లో ఒకదాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 2014లో క్యాన్సర్ కారకం కావచ్చంటూ 2బి జాబితాలో పెట్టింది. గీకాలంటే తడిపి, మాస్క్ పెట్టుకుని గీకండి.

ట్రేలో గేటు (మోల్డ్‌లోకి మెల్ట్ దూరే చోటు) పక్క మూల ఇప్పటికీ కాస్త మొండికేస్తుంది. ఎర్త్ క్లిప్‌ని ఆ మూల వదిలేసి ఎదుటి అంచుకి తగిలిస్తున్నాను.