వాన నీళ్ల గుంట ఆరడం లేదా? జేసీబీని పిలిచే ముందు చూడాల్సినవి

ఫ్యాక్టరీ ఆవరణలోని వాన నీళ్ల గుంట నిండితే టెన్షన్ పడక్కర్లేదు, దాన్ని తవ్విందే అందుకు. టెన్షన్ పడాల్సింది అది ఖాళీ కానప్పుడు. తూము తెరిచాక మూడు రోజులకూ నీళ్లు దిగకపోతే ఒక రకం సమస్య. ఎండాకాలంలోనూ అడుగు ఆరకపోతే అది పూర్తిగా వేరే సమస్య. ఈ రెండింటినీ కలిపేసి, దేనికైనా పూడిక తీయించడమే మందు అనుకోవడం వల్లే డబ్బు వృథా అవుతోంది.

తూము తెరిచినా నీళ్లు దిగడం లేదు

ముందు తూము జాలీ చూడండి. గట్టు మీద నిలబడి కాదు, దగ్గరికి వెళ్లి చూడండి. ప్యాకింగ్ కవర్లు, థర్మాకోల్ ముక్కలు, టీ కప్పులు జాలీకి అతుక్కుని ఉంటాయి. పొడవాటి కొక్కెంతో లాగేస్తే పది నిమిషాల పని. ఈ ఒక్కటీ చూడకుండా కాంట్రాక్టరుకు ఫోన్ చేసేవాళ్లను చూసి చూసి విసిగిపోయాను.

జాలీ శుభ్రంగా ఉంటే అవతలి వైపుకు వెళ్లండి. బయటి నాలా మట్టం తూము కంటే పైన ఉంటే నీళ్లు ఎటు పోతాయి? నాలా తగ్గేదాకా ఆగాల్సిందే.

ఈ రెండూ కాకపోతే అప్పుడు పూడిక. రోహిణి ఎండలకు అడుగు పగుళ్లిచ్చినప్పుడు తీయించండి, మృగశిర కార్తె వచ్చేలోపు పని అయిపోవాలి. బురదలో జేసీబీ దించితే ట్రిప్పుకు సగం నీళ్లే మోస్తారు. తీసిన మట్టిని పరీక్ష చేయించకుండా మాత్రం పక్క పొలంలో పోయించకండి.

ఎండాకాలంలోనూ ఆరడం లేదు

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఇదే. పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో వరసగా రెండేళ్లు పూడిక తీయించాను. అయినా ఫిబ్రవరిలో, తూము గేటు మూసి ఉన్న గుంటలో మోకాలి లోతు నీళ్లు. మూడో ఏడు తెల్లవారుజామున, నైట్ షిఫ్ట్ దిగకముందే వెళ్లి చూశాను. వాన కాలువ పైపు నోట్లోంచి బొటనవేలంత ధార పడుతోంది. పగలు ఎప్పుడు వెళ్లినా ఆ ధార లేదు. పైపు అడుగున తెల్లటి చారిక మాత్రం ఉండేది, సిమెంటు మరక అనుకుని రెండేళ్లు దాటేశాను. ఆ రోజు వేలితో గీరితే పొరలు పొరలుగా రాలింది. అది ఉప్పు.

బకెట్ పెట్టి చూస్తే నిమిషానికి 10 లీటర్లు. చూడటానికి చిన్న ధారే, కానీ ఎనిమిది గంటల షిఫ్టుకు 4,800 లీటర్లు. మ్యాన్‌హోల్ మూతలు ఒక్కొక్కటే తీస్తూ గుంట నుంచి వెనక్కి నడిస్తే కూలింగ్ టవర్ దగ్గర తేలింది. ఈటీపీకి, అంటే ఫ్యాక్టరీ మురుగు నీళ్లను శుద్ధి చేసే ప్లాంటుకు, పంపే మోటారు పాడైతే, బ్లోడౌన్ హోస్‌ను (టవర్‌లో చిక్కబడ్డ ఉప్పు నీళ్లను బయటికి వదిలే గొట్టం) దగ్గర్లోని వాన కాలువలో పడేశారు. మోటారు బాగయ్యాక కూడా హోస్ అక్కడే ఉండిపోయింది.

మీరూ ఇలాగే వెతకండి. వారం రోజులు చుక్క వాన లేని సమయంలో గుంటలోకి వచ్చే ప్రతి పైపు నోరూ పొడిగా ఉండాలి. ఒక్కసారి చూస్తే చాలదు, మూడు షిఫ్టుల్లోనూ చూడాలి. తడి కనిపిస్తే, నీళ్లలో కరిగిన ఉప్పులెన్నో చూపించే టీడీఎస్ మీటర్ ముంచండి. నేరుగా పడిన వాన నీరు 100 లోపే చూపిస్తుంది. 800 ఉన్న బోరు నీళ్లు కూలింగ్ టవర్‌లో మూడింతలు చిక్కబడితే 2,400 అవుతుంది. అయితే అంకె తక్కువ వచ్చిందని వదిలేయకండి. ఏసీల నీళ్లు, బాయిలర్ కండెన్సేట్ (ఆవిరి చల్లారిన నీళ్లు) కూడా తక్కువే చూపిస్తాయి. అందుకే పైపు పొడిగా ఉందా లేదా అన్నదే అసలు పరీక్ష, మీటర్ దాని తర్వాతే. మ్యాన్‌హోల్‌లోకి మాత్రం ఎవరినీ దించకండి. విషవాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది. టార్చి వేసి పైనుంచే చూడండి.

మూలం దొరికాక వాల్వు కట్టేసి వచ్చేస్తే సరిపోదు, వచ్చే వారం ఎవరో ఒకరు మళ్లీ తిప్పుతారు. ఆ నీళ్లను ఈటీపీకి పక్కా పైపుతో కలిపి, వాన కాలువ వైపున్న కన్నాన్ని ఇటుక, సిమెంటుతో మూసేయండి. గుంటలో అప్పటికే చేరిన ఉప్పు నీళ్లను కూడా ఈటీపీకే పంపండి, తూము తెరవకండి. సగం నిండిన గుంట మీద మొదటి పెద్ద వాన పడితే ఆ నీళ్లు అలుగు దూకి నాలాలో కలుస్తాయి. పటాన్‌చెరు నాలాల నీళ్లు నక్కవాగు మీదుగా మంజీరకు చేరతాయి. ఆ దారిలో రైతుల పొలాలున్నాయి.

ఇక అరుదైనవి. వానాకాలం చివర్లో భూగర్భ జలం పైకొచ్చి అడుగు నుంచి ఊరవచ్చు, కొన్నాళ్లకు అదే తగ్గుతుంది. లారీల దారి కింద తూము పైపు నలిగి ఉండవచ్చు. జాలీ, నాలా, పూడిక మూడూ చూశాక కూడా నీళ్లు దిగకపోతేనే దాన్ని తవ్వి చూడండి.