వెనక డ్రమ్ బ్రేకులు విప్పే ముందు

కారు వెనక బ్రేకుల పని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చేసేటట్టయితే ర్యాంపు మీద వద్దు, చదునైన చోటే పెట్టండి. ముందరి చక్రాలకు రెండు వైపులా ఇటుకలో చెక్క దిమ్మెలో అడ్డం పెట్టి, బండిని ఫస్ట్ గేర్‌లో ఉంచి, ఆ తర్వాతే హ్యాండ్‌బ్రేక్ దించండి, ఎందుకంటే అది లాగి ఉంటే డ్రమ్ (చక్రంతో పాటు తిరిగే గిన్నెలాంటి భాగం) ఊడి రాదు.

జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు. ఎత్తిన బండిని మోసే స్టాండ్లు లేకపోతే పని మానుకోండి, అంతే.

బ్రేకు షూలు (డ్రమ్ లోపలి గోడకు ఒరుసుకుని బండిని ఆపే వంపు పలకలు) రెండు వైపులకీ కలిపి సెట్‌గా కొనాలి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోని స్పేర్ పార్టుల షాపులకి వెళ్తే పాత షూ ఒకటి చేతిలో ఉంటే మంచిది, మోడల్ పేరు చెబితే ఒక్కోసారి వేరే సైజు ఇచ్చేస్తారు.

డ్రమ్ పట్టేసి ఉంటే సుత్తితో బాదకండి. చాలా బండ్లకు డ్రమ్ మీద మరలున్న రెండు రంధ్రాలుంటాయి, సరిపడే బోల్టులు వాటిలో కొంచెం ఇటు, కొంచెం అటు బిగిస్తూ పోతే అదే బయటికొస్తుంది.

లోపలి దుమ్ము ఊదొద్దు, కంప్రెసర్ గాలి అసలే వద్దు. అందులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. మాస్కు పెట్టుకుని బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి. స్ప్రింగులు ఎగిరి తగులుతాయి, కళ్లద్దాలు తప్పనిసరి.

ఒకేసారి రెండు వైపులా విప్పితే ఏ స్ప్రింగు ఎక్కడిదో తెలీక టెన్షన్. ఒకటి పూర్తయ్యాకే రెండోది, ఫోటో తీశాకే పట్టకారు.

డ్రమ్ తీసి ఉండగా పెడల్ ఎవరూ తొక్కకూడదు (పిల్లల్ని సీట్లో కూర్చోనివ్వకండి), వీల్ సిలిండర్ (షూలను బయటికి నెట్టే చిన్న భాగం) పిస్టన్లు బయటికి వచ్చేస్తాయి. ఆ సిలిండర్ రబ్బరు అంచు ఎత్తి చూడండి, తడిగా ఉంటే సిలిండర్ కూడా మార్చాల్సిందే.