పేరును విరిచి చూడండి: పాపాయి పేరుకు అర్థం, మూలం కనుక్కొనే పద్ధతి

బారసాల నాడు పళ్లెంలో పోసిన బియ్యం మీద తండ్రి ఉంగరంతో పేరు రాయవలసిన క్షణంలో, ఆ పేరులో ఒత్తు ఉందో లేదో ఇంటిల్లిపాదికీ తెలియకపోవడం విశాఖ పెదవాల్తేరులో మా వీధిలోనే చూశాను. మేనమామ చేతిలోని ఫోనులో పేరు ఆంగ్ల అక్షరాలలో ఉంది. అర్థం సముద్రమని కింద రాసి ఉంది. తండ్రి ‘జల’ వరకు రాసి, ఆగి, ‘ది’ అనాలా ‘ధి’ అనాలా అని పురోహితుడి వైపు చూశాడు. ఆయన ‘ధి’ అన్నాడు కాబట్టి ఆ పిల్ల సముద్రమైంది. లేకపోతే ఏ అర్థమూ లేని ‘జలది’గా మిగిలేది.

అందుకని పేరు వెతికేవారు మొట్టమొదట చేయవలసిన పని, నచ్చిన పేరును తెలుగు అక్షరాలలో, హ్రస్వదీర్ఘాలతో, ఒత్తులతో కాగితం మీద రాసుకోవడం. జలజ అంటే నీటిలో పుట్టినది, తామర. జలద అంటే నీటినిచ్చేది, మేఘం. జలధి అంటే నీటికి నిధి, సముద్రం. చివరి అక్షరం ఒక్కటి మారితే పువ్వు మబ్బవుతుంది, మబ్బు కడలి అవుతుంది. వారిధి సముద్రమే అయినా, దానికి ఆనుకుని ఉన్న వారధి వంతెన. కళ వేరు, కల వేరు అన్నది అందరికీ తెలుసు గాని, ఆంగ్లంలో రాసుకున్నాక ఆ తేడా మాయమవుతుంది. మాన్య అంటే గౌరవించదగినది. అందులో దీర్ఘం జారితే విశాఖ వాసి చెవికి పాడేరు వైపు మన్యం వినబడుతుంది.

రెండవ పని పేరును విరవడం. సంస్కృతం నుంచి వచ్చిన పేర్లలో ఎక్కువ భాగం సమాసాలు. వాటి అతుకు ఎక్కడుందో తెలిస్తే అర్థం దానంతట అదే బయటపడుతుంది. చివర ‘జ’ ఉంటే ‘పుట్టినది’ అని పట్టుకోండి. నీరజ, వారిజ, అంబుజ, సరోజ, వనజ, పంకజ అన్నీ తామరలే. మొదటి మూడింటిలో ఉన్నది నీరు, సరోజలో సరస్సు, పంకజలో బురద. వనజ అనగానే అడవిలో పుట్టినది అని చెప్పేస్తారు గాని, ‘వనం’ అన్న మాటకు నీరు అనే అర్థం కూడా ఉంది కనుకనే వనజ తామర అయింది. గిరిజ, శైలజ, నగజ, అద్రిజ కొండకు పుట్టిన పార్వతి పేర్లు. అవనిజ, భూమిజ సీతవి. ఇదే ‘జ’తో అనుజ అనే పేరు కూడా ఉంది. తరువాత పుట్టినది, అంటే చెల్లెలు అని దాని అర్థం. తొలిచూలు బిడ్డకు ఆ పేరు పెట్టి, అక్క ఎక్కడ అని ఎవరైనా అడిగితే జవాబు వెతుక్కోవడం ఎందుకు?

అతుకు తప్పుచోట విరిస్తే అర్థం కూడా తప్పుతుంది. హృషీకేశ అన్న పేరును చాలామంది ‘ఋషి’, ‘కేశ’ అని విడదీసి, రిషికేశ్ అని రాసి, ఋషి జుట్టు అనే అర్థం దగ్గర ఇబ్బంది పడతారు. అది హృషీక, ఈశ అనే రెండు మాటల కలయిక. హృషీకాలంటే ఇంద్రియాలు, వాటికి ప్రభువు హృషీకేశుడు. మన సింహాద్రి సింహ, అద్రి. సింహాచలం సింహ, అచలం. అద్రి అన్నా అచలం అన్నా కొండే. కదలనిది కాబట్టి అచలం.

విరిచిన ముక్కలను నిఘంటువులో సరిచూడటం మూడవ పని. తెలుగు మాటలకు 1852లో వెలువడిన బ్రౌను నిఘంటువు, 1885 నాటి శబ్దరత్నాకరం, పిఠాపురం రాజావారి పేర వచ్చిన సూర్యరాయాంధ్ర నిఘంటువు ఉన్నాయి. సంస్కృతానికి 1899 నాటి మోనియర్ విలియమ్స్ నిఘంటువు పనికివస్తుంది. వీటిలో చాలావరకు ఇప్పుడు అంతర్జాలంలో ఉచితంగా వెతుక్కోవచ్చు. కాగితం తిప్పితేనే తృప్తిగా ఉండే నాబోటి వారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం వంటి పెద్ద గ్రంథాలయాలలో ప్రయత్నించవచ్చు. అయితే పేరును ఉన్నది ఉన్నట్టుగా వెతికితే దొరకదు. రాహుల్, అర్ణవ్ వంటివి ఉత్తరాది ఉచ్చారణలో చివరి అచ్చు పోగొట్టుకున్నవి కనుక రాహుల, అర్ణవ అని పూర్తి చేసి వెతకాలి. అర్ణవ అంటే సముద్రం. విశాఖలోని బెంగాలీ ఇళ్లలో వినబడే అర్నబ్ కూడా ఈ మాటే. రాహుల విషయంలో నిఘంటువు ఒక్కటే చాలదు. సిద్ధార్థుడు కొడుకు పుట్టాడన్న వార్త విని, బంధం పుట్టిందని అన్నట్టు బౌద్ధ సంప్రదాయం చెబుతుంది. సమర్థుడు అనే అర్థం ఎక్కడి నుంచో తెచ్చి అంటించే ముందు ఈ కథ తెలిసి ఉండటం మంచిది.

పేర్ల సైట్లు చెప్పే అర్థాన్ని నమ్మవచ్చునా అని యువదంపతులు అడుగుతుంటారు. ఆ సైటు పేరును విరిచి, ఏ ముక్క ఏ భాషదో చెబితే నమ్మండి. ఊరికే ‘వెలుగు’, ‘ప్రత్యేకం’, ‘దైవాంశ’ అని సరిపెడితే వదిలేయండి. శివాంశ్, వేదాంశ్ అన్న పేర్లు కొత్తవే అయినా శివ, అంశ అనీ, వేద, అంశ అనీ చక్కగా విడిపోతాయి. రేయాన్ష్ అన్న పేరును సూర్యకిరణపు అంశ అని చెప్పేవారున్నారు. కిరణానికి ఆంగ్లంలో ‘రే’ అంటారన్నది తప్ప అందులో కిరణం ఎక్కడుందో నాకు కనబడదు. తెలుగు చెవితో వింటే రేయి, అంశ కలిసి రాత్రి ముక్క అవుతుంది. అద్విక్ అన్న పేరుకు ‘సాటిలేనివాడు’ అని రాస్తున్నారు. ఆ అర్థమే కావాలంటే అద్వితీయ, అద్వయ అనే ఖాయమైన మాటలు ఉండగా అనుమానపు మాట అక్కరలేదు. ఇక ఋత్విక్ అచ్చమైన వైదిక పదం. యజ్ఞం చేయించే ఋత్విజుడు అని దాని అర్థం. అది తెలిసి పెట్టుకున్నవారిని నేను తక్కువమందినే చూశాను.

పేరు ఏ భాషదో తేల్చకుండా అర్థం వెతకడం చిరునామా లేకుండా ఇల్లు వెతకడం వంటిది. కియారా అన్న పేరును తీసుకోండి. ఇటలీ వారి కియారా అంటే నిర్మలమైనది, వెలుగు గలది. ఐర్లండులో దాదాపు అవే ఆంగ్ల అక్షరాలతో రాసి కీరా అని పలికే పేరు నల్లదనాన్ని సూచించే మాట నుంచి వచ్చింది. మన వీధిలోని పర్వీన్ పేరు పారసీకం. ఆకాశంలో మనం కృత్తిక అని పిలిచే నక్షత్రాల గుంపే వారి పర్వీన్. కాబట్టి ఒకే బడిలో చదివే కృత్తిక, పర్వీన్ ఒకే పేరు గల పిల్లలు. అరబ్బీలో అబ్దుల్ అంటే ‘ఫలానావారి సేవకుడు’ అని అసంపూర్ణంగా ఆగిపోయే మాట. దాని తరువాత రెహ్మాన్ అనో కరీం అనో దైవనామం వస్తేనే పేరు పూర్తవుతుంది. క్రైస్తవుల పేర్లలో పేతురు గ్రీకు మాట, అర్థం రాయి. సువార్తమ్మ అన్న పేరు మాత్రం ‘మంచి వార్త’ అనే గ్రీకు భావాన్ని తెలుగువారు సంస్కృత ధాతువులతో మలచుకున్నది. నా దృష్టిలో అంత అందమైన అనువాదం మరొకటి లేదు.

ఇంతవరకు చెప్పినది పుస్తకాలలో దొరికే సంగతి. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతపు పేర్లకు మాత్రం నిఘంటువు కన్నా ముందు నాయనమ్మను అడగాలి. అప్పన్న అన్న పేరులో అప్ప ఉంది, అన్న ఉంది. అప్ప అంటే తండ్రి అనే అర్థం ఉంది, అక్క అనే అర్థమూ ఉంది. కానీ పేరు పెట్టినవారి మనసులో ఉన్నది ఆ రెండూ కావు, సింహాచలం కొండ మీద ఏడాదికొక్కసారి అక్షయ తృతీయ నాడు చందనం ఒలిచి నిజరూపం చూపే స్వామి. అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ, అప్పలకొండ అందరూ ఆ స్వామి పేరు వారే. నూకరాజు, నూకరత్నం అనకాపల్లి నూకాంబికకు మొక్కుకుని పుట్టినవారు. కూర్మారావు శ్రీకూర్మం వైపు చుట్టరికం గల ఇంటి బిడ్డ అని పేరు వినగానే ఊహించవచ్చు. విజయనగరం పైడితల్లి పేరు మోసే పైడిరాజు, బురుజుపేట కనకమహాలక్ష్మి పేరు మోసే కనకరాజు అర్థంలో కవలలు. పైడి అన్నా కనకం అన్నా బంగారమే, ఒకటి తెలుగు, మరొకటి సంస్కృతం. పైడి పాతగా వినబడుతోందని దాచుకుని కాంచన, హేమ, స్వర్ణ అని పెట్టుకుంటున్నవారు తాతగారి పేరునే తర్జుమా చేసుకుంటున్నారు.

కొన్ని పేర్లకు నిఘంటువులోని అర్థం చూసి నవ్వడం అన్యాయం. పెంటయ్య, పెంటమ్మ అన్న పేర్లు, పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతున్న ఇంట్లో, కొత్త బిడ్డను పెంటకుప్ప మీద ఒక్క క్షణం పడుకోబెట్టి, దొరికిన బిడ్డగా తిరిగి ఎత్తుకుని పెట్టిన పేర్లు. మృత్యువు కంట పడకుండా ఉండాలనే భయం వాటి మూలం. మీ వంశంలో అటువంటి పేరు ఉంటే ఎవరికి, ఏ బిడ్డ తరువాత పెట్టారో ఇంటి పెద్దలు ఉండగానే అడిగి రాసిపెట్టుకోండి.

ఆడపిల్లకు విశాఖ అని పెట్టాలనుకునే ఇళ్లకు మరో సంగతి చెప్పాలి. ఈ ఒక్క పేరుకు కనీసం మూడు మూలాలు ఉన్నాయి. కొమ్మలుగా చీలినది అనే అర్థం గల నక్షత్రం ఒకటి. విశాఖుడనే పేరు గల కుమారస్వామి రెండవది. బుద్ధుని కాలంలో సంఘానికి గొప్ప దాత అయిన ఉపాసిక విశాఖ మూడవది. బావికొండ, తొట్లకొండ బౌద్ధ ఆరామాలు ఉన్న మా విశాఖ తీరంలో ఆ మూడవ విశాఖను తలుచుకుని పేరు పెట్టేవారు ఉంటే నాకు సంతోషం.

నక్షత్రాన్ని బట్టి అక్షరం ఎంచుకునేవారికి ఇరవై ఏడు నక్షత్రాల నాలుగేసి పాదాలకు నూట ఎనిమిది అక్షరాలు ఉన్నాయి. విశాఖకు తీ, తూ, తే, తో వస్తాయి. ఆర్ద్రకు వచ్చే ‘ఙ’ వంటి అక్షరాలతో ఏ మాటా మొదలుకాదు. అలాంటప్పుడు జన్మనామం ఒకటి, వాడుక పేరు ఒకటి పెట్టుకోవడం పాత పద్ధతే. అక్షరం కుదిరిందని అర్థం లేని మాటను నెత్తికెత్తుకోవలసిన అవసరం లేదు. ఆడపిల్ల పేరు సుఖంగా పలకడానికి వీలుగా, అర్థం స్పష్టంగా, వినసొంపుగా, చివర దీర్ఘంతో ఉండాలని మనుస్మృతి చెప్పింది. అదే గ్రంథం నక్షత్రం, చెట్టు, నది పేరు గల కన్యను పెళ్లాడవద్దని కూడా చెప్పింది. మన రోహిణులు, తులసులు, కృష్ణవేణులు దానిని లెక్కచేయకుండా కాపురాలు చేసుకుంటూనే ఉన్నారు.

జననాన్ని ఇరవై ఒక్క రోజులలోగా నమోదు చేయించాలి గాని, పేరు అప్పటికే తేలాలని లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరు లేకుండా నమోదు చేయించి, పన్నెండు నెలలలోగా రుసుము లేకుండా, ఆపైన పదిహేనేళ్ల వరకు ఆలస్య రుసుముతో పేరు చేర్చవచ్చు. కనుక తొందరపడి ఆసుపత్రి మంచం మీద పేరు చెప్పేయనక్కరలేదు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడిలో చేరడం మొదలు అనేక పనులకు ఈ జనన ధ్రువపత్రమే ఆధారం కాబట్టి, సంతకం పెట్టే ముందు తెలుగు గడి, ఆంగ్ల గడి రెండూ అక్షరం అక్షరం చదవండి. మా అమ్మాయిని బడిలో చేర్పించిన రోజున నేను ఆంగ్ల గడి మాత్రమే చూసి సంతకం పెట్టాను. పొగమంచు అనే అర్థం గల ‘నీహారం’ నుంచి వచ్చిన నీహారిక, తెలుగు గడిలో ‘నిహారిక’ అయింది. తప్పు నాకు తెలిసేసరికి ఆమె పదవ తరగతి పూర్తి చేసింది. దిద్దించుదామంటే ఒప్పుకోలేదు, ‘ని’తో సంతకం అలవాటైపోయిందట.