డ్రిప్‌కు యాసిడ్ పట్టినా పీహెచ్ దిగడం లేదా? సమస్య - పరిష్కారం

బంగారుపాళ్యం వైపు మామిడి తోటల్లో లోతు బోర్ల నీళ్లతో డ్రిప్పర్ల మూతి దగ్గర తెల్లగా పేరుకునేది ఎక్కువగా కాల్షియం కార్బొనేట్. దాన్ని కరిగించడానికి 33 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ వాడి, చివరి డ్రిప్పర్ దగ్గర నీటి పీహెచ్‌ను (ఆమ్లత కొలత; అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 4కు దించాలి.

పక్క తోటలో పోసినంతే పోశాం, మన దగ్గర పీహెచ్ 6.5 దాటి దిగడం లేదు

లోపం యాసిడ్‌లో కాదు, నీళ్లలో ఉంది. బోరు నీటిలో కరిగి ఉన్న బైకార్బొనేట్ అనే క్షార లవణం పోసిన యాసిడ్‌ను మింగేస్తూ ఉంటుంది. అది అయిపోయేదాకా పీహెచ్ మెల్లగా కదులుతుంది, అయిపోయాక ఒక్కసారిగా పడిపోతుంది. ఏ క్షారమూ లేని 10 లీటర్ల వాననీటిని 4కు దించాలంటే రెండు చుక్కల యాసిడ్ చాలు. క్షారత (కాల్షియం కార్బొనేట్ లెక్కలో) లీటరుకు 300 మిల్లీగ్రాములున్న బోరు నీటికైతే అదే 10 లీటర్లకు సుమారు 6 మిల్లీలీటర్లు కావాలి. ఒకే పీహెచ్ ఉన్న రెండు బోర్ల నీళ్లకు కూడా వేర్వేరు కొలతల్లో యాసిడ్ పట్టొచ్చు. పీహెచ్ ఎంత యాసిడ్ పడుతుందో చెప్పదు, టీడీఎస్ మీటరూ చెప్పదు.

అందుకే బకెట్ పరీక్ష చేయాలి. ప్లాస్టిక్ బకెట్‌లో 10 లీటర్ల బోరు నీళ్లు పట్టి, సిరంజితో ఒక్కో మిల్లీలీటరు యాసిడ్ వేస్తూ కలపండి. బుడగలు తగ్గేదాకా ఒక నిమిషం ఆగి పీహెచ్ కాగితం ముంచండి. పీహెచ్ 6 కంటే దిగాక అర మిల్లీలీటరు చొప్పునే వేయండి. పీహెచ్ 4 రాగానే పట్టిన యాసిడ్ మొత్తం రాసుకోండి. 6 మిల్లీలీటర్లు పట్టి, గంటకు 5,000 లీటర్లు పారే లైనైతే అరగంటకు ఒకటిన్నర లీటర్ యాసిడ్.

యాసిడ్‌ను నీళ్లలో పోయాలి గానీ, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. ఒంటి మీద పడితే పావుగంట ధారగా నీళ్లతో కడగండి, సున్నం పూయకండి.

వెంచురీ దగ్గర 4, చివరి డ్రిప్పర్ దగ్గర 7

వెంచురీ అంటే యాసిడ్‌ను లైన్‌లోకి లాగే పరికరం. అక్కడ కలిసిన యాసిడ్ ఇంకా చివరికి చేరి ఉండదు, లేదా దారిలో పేరుకున్న తెల్ల పొరే దాన్ని ఖర్చు చేస్తూ ఉంటుంది. చివర 4 వచ్చేదాకా ఎక్కిస్తూ, ఆ తర్వాత మరో 10-15 నిమిషాలు నడపండి. మోటారు ఆపి 24 గంటలు వదిలేసి, మొదట సబ్‌మెయిన్ (ఉప పైపు), తర్వాత లేటరల్ (డ్రిప్పర్లుండే సన్న పైపు) చివరలు తెరిచి కడగండి. ఫిల్టర్ ఇనుముదైతే యాసిడ్ దాని తర్వాతే కలవాలి.

పీహెచ్ వచ్చింది, అయినా డ్రిప్పర్లు తెరుచుకోలేదు

ఒక డ్రిప్పర్ ఊడదీసి, పొర మీద యాసిడ్ చుక్క వేయండి. బుసబుస పొంగితే కార్బొనేట్, మరోసారి పట్టాలి. పొంగకుండా జారుడుగా, పచ్చగా ఉంటే పాచి. దానికి యాసిడ్ పనికిరాదు, క్లోరిన్ కావాలి. ఆ రెండింటినీ ఒకే డ్రమ్ములో కలిపారంటే విషవాయువు వస్తుంది, ప్రాణాల మీదికి తెచ్చుకున్నట్టే. ఒకటి పట్టి, లైన్ పూర్తిగా కడిగాకే రెండోది.

కొత్త క్యాను, అదే కొలత, పీహెచ్ మాత్రం 5.5 దగ్గరే ఆగింది

గాఢత తగ్గింది. మూత వదులైతే ఆవిరి పోతుంది. బాత్‌రూమ్ యాసిడైతే మొదటే పలచన. చిక్కటి యాసిడ్‌లో పీహెచ్ మీటర్ ముంచితే గాఢత తెలియదు, ఎలక్ట్రోడ్ పాడవుతుంది. హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రత చూపే సాధనం) వాడండి: 33 శాతానికి 1.16 చూపాలి. అది లేకపోతే కొత్త క్యానుతో బకెట్ పరీక్ష మళ్లీ చేయండి, ఖర్చేమీ ఉండదు.

మీటర్ అంకె నిలవడం లేదు

ఎలక్ట్రోడ్ ఎండిపోయి ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్‌లో నిల్వ ఉంచినా ఇదే గతి. 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో రాత్రంతా నానబెట్టి, పీహెచ్ 7, 4 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) సరిచేయండి. అప్పటికీ ఊగుతుంటే ఎలక్ట్రోడ్ మార్చాల్సిందే. తోట పనికి 2 నుంచి 10 దాకా చూపే కాగితమే చాలు.